ఊరి పేరు నేరచరిత్ర కాదు

మిరప కల్లములు ఎఱ్ఱబారి, గుంటూరు చేరు మార్గములన్నియు టిక్కీల (మిరప బస్తాల) లారీలతో నిండు దినములలో, ఒక శీతల గిడ్డంగి వాకిట నేను చూచిన సంగతి ఈ వ్యాసమునకు హేతువైనది. రాత్రి కావలికి మనిషి కావలెనని విని బాపట్ల ప్రాంతమునుండి వచ్చిన యొక యువకుడు, తనపై కేసులేవియు లేవని పోలీసులిచ్చిన ధ్రువపత్రమును నాలుగు మడతలు విప్పి గుమాస్తా చేతికిచ్చెను. గుమాస్తా ముద్రను చూడలేదు, సంతకమును చూడలేదు. చిరునామా పంక్తిపై వ్రేలుంచి, ఊరి పేరు చదివి, కాగితమును అవే మడతలలో మడచి, "తర్వాత కబురు చేస్తాంలే" యని తిరిగి యిచ్చివేసెను. ఆ ఊరు స్టువర్టుపురము.

ఆ పేరు ఇంత బరువెక్కుటకు కారణము ఆ యువకుని తాతలనాటిది. 1871లో ఉత్తర హిందూస్థానమున పుట్టి, 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించిన నేరస్థ జాతుల చట్టము, మనిషి చేసిన పనిని విడిచి అతడు పుట్టిన కులమును విచారించినది. అట్లు నేరస్థ ముద్ర పడిన ఎరుకల కుటుంబములను ఒకచోట చేర్చి 1913లో సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ సంస్థ యాజమాన్యమున నెలకొల్పిన సెటిల్‌మెంటుకు, మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారియైన హెరాల్డు స్టువర్టు పేరు పెట్టిరి. వ్రేలిముద్రలు, హాజరు పిలుపులు, పొలిమేర దాటుటకు అనుమతి చీటీలు, ఏనాడును కోర్టు మెట్లెక్కని వారికిని తప్పలేదు. ఆ ముద్ర పడిన స్త్రీపురుషులనే చీరాల పొగాకు కంపెనీలో పనికి పెట్టుకొనిరి. కూలికి పనికివచ్చినవారు నమ్మకమునకు పనికిరాకపోయిరి. మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31నను ఆ శాసనము రద్దయినది. అయినను ఆ ముద్ర చెరగలేదు. కాగితము తిరిగి యిచ్చివేసిన నెల తిరుగకమునుపే ఆ యువకుడు అదే గిడ్డంగి ఆవరణలో హమాలీగా నాకు కనబడెను. ఏ టిక్కీలకు కావలి కాయ తగడనిరో, ఆ టిక్కీలనే వీపున మోయుచుండెను. మోయుటకు ఊరి పేరెవరు నడుగలేదు.

యజమాని జాగ్రత్తపడరాదని నేననను. ఏడాది పంటను గిడ్డంగిలో నుంచి, దాని బాండుపై అప్పు తెచ్చుకొను రైతు, ఆ బాండు వ్రాయువాడు ఎట్టివాడో తెలిసికొనగోరుట న్యాయమే. అయితే ఏ ఉద్యోగమునకు ఏ విచారణ తగునో ముందు తేలవలెను. బాండ్లు వ్రాయు గుమాస్తాకు మోసము, ఫోర్జరీ, నమ్మకద్రోహములలో శిక్షపడెనా యన్న ప్రశ్న అవసరము. పందొమ్మిదవయేట తిరునాళ్లలో జరిగిన కొట్లాట అతని పనికి సంబంధింపనిది. పాఠశాల బస్సు నడుపువాని లెక్క వేరు. పిల్లలతో నిత్యసంబంధముగల సంస్థలు తమ సిబ్బంది యందరిని, బోధించువారైనను కాకున్నను, పోలీసుల ద్వారా కాలానుగుణముగా విచారింపవలెనని 2020 నాటి పోక్సో నియమములు విధించినవి. అచ్చట చేరిననాడు తెచ్చిన కాగితమొక్కటి చాలదు. కువైట్టు పోవువానికి కావలసినది పాస్‌పోర్టు కార్యాలయమిచ్చు పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు. కాయకోతకు లారీలలో దిగు కూలీలకు ఏ కాగితమును అక్కరలేదు.

కేసు నమోదగుట వేరు, అభియోగపత్రము వేరు, శిక్ష వేరు. ఎన్నికల మరునాడు రెండు పక్షములును పరస్పరము కేసులు పెట్టుకొను మా పల్లెలలో, ఒక కుఱ్ఱవాని పేరు ఠాణా పుస్తకమున కెక్కుట ఎంత సులభమో అందఱెఱుగుదురు. 2016లో అవతార్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఉద్యోగాభ్యర్థి తనపై కేసుల సంగతి దాచుటను గూర్చి విపులముగా విచారించి, చిన్నవయసున నినాదములిచ్చుట వంటి స్వల్ప విషయమును అభ్యర్థి దాచినను యజమాని విచక్షణతో ఉపేక్షింపవచ్చుననియు, విచారణ పత్రములోని ప్రశ్న నిర్దిష్టముగా నుండవలెననియు, స్పష్టముగా అడిగినదానిని మాత్రమే అభ్యర్థి చెప్పవలసియుండుననియు నిర్ణయించినది. ఈ కడపటి మాట మన యజమానుల చెవి కింకను చేరలేదు.

ఇంగ్లండులో 1974 నాటి చట్టము ప్రకారము చాల శిక్షలకు గడువు దాటిన పిమ్మట కాలదోషము పట్టును. సామాన్యోద్యోగమునకు తెచ్చు ప్రాథమిక పత్రములో అవి కనబడవు. పిల్లలతో పనిచేయువారికి మాత్రము లోతైన విచారణ కలదు. ఏ మెట్టు విచారణను కోరవచ్చునో అచ్చట ఉద్యోగమే నిర్ణయించును. మనకు బాల్యమున చేసిన తప్పుల విషయమున, ఘోరమైనవి కొన్ని తప్ప, 2015 నాటి బాలన్యాయ చట్టము ఇట్టి రక్షణ నిచ్చినది. పెద్దలకు అంతటి సామాన్య శాసనము లేదు. ప్రోనోటుకు మూడేండ్లలో కాలదోషము పట్టు దేశమున కుఱ్ఱతనపు కొట్లాటకు జీవితాంతము పట్టకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

శాసనము వచ్చువఱకు గుంటూరు యార్డు వ్యాపారులును, గిడ్డంగుల, జిన్నింగు మిల్లుల యజమానులును కలిసి ఒక ఫారము వ్రాసికొనవచ్చును. మొదటి గడిలో ఉద్యోగము పేరు, ఆ ఉద్యోగి చేతికి వచ్చునది నగదో, తాళపుచెవియో, రైతు బాండో; రెండవ గడిలో దానికి సంబంధించిన నేరమున ఇన్నేండ్లలోపల శిక్షపడెనా యన్న ప్రశ్న. చిరునామా గడిని ఎంపిక ముగిసిన పిమ్మట, ఉత్తరము పంపుటకై, నింపించిన చాలును.