ఎవరి కొలత వారిది

పంజాగుట్ట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బల్లమీద ఉంది. వాళ్ళమ్మాయి జనవరిలో పైచదువుకి అమెరికా వెళుతోందట. అక్కడి చలికి లెగ్గింగుల మీద వేసుకోను ఉన్ని స్కర్టు కొందామని తల్లీకూతుళ్ళు అమీర్‌పేటలో నాలుగు షాపులు తిరిగారట. నడుముకి సరిపోయింది తుంటి దాటి పైకి రాదు. తుంటికి సరిపోయింది నడుము దగ్గర నిలవదు. నాలుగో షాపులో పిల్ల అద్దాల గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, ఆ రాత్రి నుంచి అన్నం మానేసి మజ్జిగతో గడుపుతోందిట. "ఒళ్ళు తగ్గడానికి మంచి పథ్యం ఏదైనా చెప్పండి" అని అడిగారావిడ.

పథ్యం చెప్పను. స్కర్టు చెబుతాను.

ఆ అమ్మాయి నడుము 30 అంగుళాలు, తుంటి 38 అని ఉత్తరంలోనే ఉంది. ఇందులో ఏడవవలసిందేముందో నాకు తెలియలేదు. మన ఇళ్ళలో నూటికి ఎంతమంది ఆడపిల్లలు ఇలా ఉండరు? షాపువాడి లేబిలు మీద ఉండే ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలు బ్రహ్మ రాసినవి కావు కదా! అమెరికా వ్యవసాయశాఖ వారు 1939, 1940 సంవత్సరాల్లో సుమారు 15,000 మంది స్త్రీలను నిలబెట్టి, ఒక్కొక్కరికి 59 చోట్ల టేపు పెట్టి కొలిచారు. (వ్యవసాయశాఖకి ఆడవాళ్ళ నడుములతో పనేమిటంటారా? ఇంటి పొదుపు, గృహవిజ్ఞానం అక్కడ ఆ శాఖ కిందే ఉండేవి.) అందులోనూ తెల్లజాతి స్త్రీల కొలతలే లెక్కలోకి తీసుకున్నారు. ఆ లెక్కల మీద ఆధారపడి 1958లో సైజుల పట్టిక ఒకటి తయారయింది. అది ఎవరికీ సరిగ్గా పట్టక 1983లో ఎత్తేశారు కూడాను. మన దేశంలో నిఫ్ట్ సంస్థవారు "ఇండియాసైజ్" పేరిట, 15 నుంచి 65 ఏళ్ళ లోపువారిని 25,000 మందిని ఆరు నగరాల్లో స్కానర్లతో కొలవాలని తలపెట్టారు. ఆ ఆరింటిలో మన హైదరాబాదు ఒకటి. మన కొలతలు మనం ఇన్నేళ్ళకి తీసుకోవడం మొదలుపెట్టామంటే, ఇన్నాళ్ళూ షాపుల్లో వేలాడుతున్నవి ఎవరి ఒంటికి కుట్టినవో మీరే చెప్పండి.

"టైలరు దగ్గరికి వెళ్ళవచ్చుగా?" అంటారు. నిజమే. అమీర్‌పేటలో మాచింగు సెంటరు పక్కన మాచింగు సెంటరు, వాటి పక్కన మెషీను చప్పుడు. గుడ్డ ఇస్తే స్కర్టు కుట్టి చేతిలో పెడతారు. కాని గుడ్డ సాగదు. హాస్టలు తిండికి పిల్ల రెండంగుళాలు పెరిగినా, పరీక్షల బెంగకి రెండంగుళాలు తగ్గినా, ఆ పరాయి ఊళ్ళో కుట్లు విప్పి వేసేవాళ్ళని ఎక్కడ వెతుక్కుంటుంది? రెండు సూదుల ఉన్ని అల్లిక సాగుతుంది, మళ్ళీ తన చోటికి వస్తుంది. మన నరసాపురం లేసు కూడా చేతి అల్లికే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి జిల్లాలో నేర్పిన పని అది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందానికి దానికి సాటి లేదు. అయితే అది ఒంటి కొక్కెంతో అల్లేది, ఇంతగా సాగదు. నడుము దగ్గర బిగిసి తుంటి దగ్గర వదులు కావలసిన స్కర్టుకి రెండు సూదుల అల్లికే మేలు.

మరీ సన్నం, మరీ లావు కాని మధ్యరకం ఉన్ని తీసుకోండి. మెషీనులో ఉతకవచ్చునని చీటీ మీద ఉన్నదే కొనండి, ఎందుకంటే అక్కడ చదువుకునే పిల్ల బకెట్టులో నానబెట్టి ఉతుకుతుందని నేను నమ్మను. మధ్యలో తీగ ఉన్న గుండ్రటి సూది, 4 మిల్లీమీటర్లది (పాత లెక్కలో 8వ నెంబరు), 80 సెంటీమీటర్ల పొడవుది కావాలి. హైదరాబాదులోనే వేసుకునేవారు ఉన్ని జోలికి పోకండి. మన చలి ఎంత, డిసెంబరులో నాలుగు తెల్లవారుజాములు! నూలుదారంతో అల్లుకోండి. నూలు బరువుకి కిందికి సాగుతుంది కనుక పొడవు కాస్త తగ్గించుకోవాలి.

ఇక అసలు సంగతి, మచ్చుముక్క. అల్లికలో తొంభైపాళ్ళు ఇక్కడే ఉంది. అయినా పదిమందిలో తొమ్మిదిమంది "ముక్క అల్లుతూ కూర్చుంటే స్కర్టు ఎప్పుడు?" అని దీన్ని ఎగ్గొట్టేస్తారు. 6 అంగుళాలు పొడవు, 6 అంగుళాలు వెడల్పు ఉండేలా చదరం ముక్క ఒకటి అల్లండి. స్కర్టుని ఎలా ఉతుకుతారో దీన్ని అలాగే ఉతకండి. ఆరాక రెండు క్లిప్పులు పెట్టి ఒక రాత్రి తీగమీద వేలాడదీయండి. తెల్లారి బల్లమీద పరిచి, మధ్యలో 4 అంగుళాల మేర కుట్లు లెక్కపెట్టండి. నా ముక్కకి అడ్డంగా 22 కుట్లు, నిలువుగా 28 వరుసలు వచ్చాయి. అంటే అంగుళానికి అయిదున్నర కుట్లు, ఏడు వరుసలు. మీ చెయ్యి బిగువైతే ఎక్కువ వస్తాయి, వదులైతే తక్కువ. ఏదైనా తప్పు కాదు, మీ లెక్క మీది. కింద నేను రాసే అంకెలు ఆ అమ్మాయి కొలతకి, నా చేతికి మాత్రమే. మీ అంకెలు మీరు వేసుకోండి, అయిదో తరగతి గుణకారాలు చాలు.

కొలతలు తీసేటప్పుడు పిల్లని మామూలుగా నిలబడమనండి. పొట్ట లోపలికి పీల్చి ఇచ్చిన కొలతకి అల్లిన బట్ట వేసుకుంటే, వేసుకున్నంతసేపూ పీల్చుకునే ఉండాలి! నడుము, తుంటి బాగా వెడల్పయిన చోటు, ఆ రెంటికీ మధ్య దూరం, మొత్తం పొడవు, ఇవి నాలుగు. మన అమ్మాయికి మధ్య దూరం 8 అంగుళాలు, పొడవు 24 అనుకుందాం.

ఈ స్కర్టు నడుము నుంచి కిందికి అల్లాలి. అమెరికా రచయిత్రి బార్బరా వాకర్ 1972లో పైనుంచి అల్లే పద్ధతి మీదే ఒక పుస్తకం రాసింది. దీనిలో సుఖమేమంటే, సగంలో సూదిమీది కుట్లు పొడుగు దారంమీదికి దించి, ఒంటికి వేసి చూసుకోవచ్చు. మిగతాది అద్దమే చెబుతుంది.

నడుము 30కి రెండు కలిపి 32 అంగుళాలకి అల్లుతాం, లేకపోతే తుంటి దాటదు. 32ని అయిదున్నరతో గుణిస్తే 176 కుట్లు. ఒక నెంబరు లావు సూదితో వదులుగా ఎక్కించి, మెలిపడకుండా గుండ్రంగా కలపండి. 9 వరుసలు సీదా, ఒకటి ఉల్టా, మళ్ళీ 9 సీదా అల్లి, ఉల్టా గీత దగ్గర లోపలికి మడిచి కుట్టేస్తే ఎలాస్టికు దూర్చుకునే పట్టీ అవుతుంది. తుంటి 38కి ఒకటి కలిపి 39. అయిదున్నరతో గుణిస్తే 214న్నర, దాన్ని 216 చేసుకున్నాను. 176 నుంచి 216కి 40 కుట్లు పెరగాలి. చుట్టూ 22 కుట్లకొకటి చొప్పున 8 రంగుదారపు గుర్తులు పెట్టి, గుర్తు దగ్గర ఒక్కో కుట్టు పెంచితే దఫాకి 8, అయిదు దఫాలకి 40. మడత నుంచి తుంటిదాకా 56 వరుసలు. పట్టీకి 9 పోగా 47. 9 వరుసలకొకసారి పెంచుకుంటూ రండి. రెండు వరుసలు మిగిలితే సాదాగా పోనివ్వండి. గుర్తుకీ గుర్తుకీ మధ్య 22 కాస్తా 27 అవుతాయి.

అక్కడినుంచి అంచుదాకా 16 అంగుళాలు, 112 వరుసలు. కింద ఘేరు 48 అంగుళాలుంటే బస్సు మెట్టు సుఖంగా ఎక్కవచ్చు. అంటే 264 కుట్లు, ఇంకా 48 పెరగాలి, ఆరు దఫాలు. 17 వరుసలకొకటి చొప్పున పెంచితే 102 వరుసలు. చివరి 10 వరుసలు ఒకటి సీదా, ఒకటి ఉల్టాగా అల్లితే అంచు పైకి చుట్టుకుపోదు.

వెనకవైపు నిండుగా ఉన్నవాళ్ళకి స్కర్టు వెనక పైకి లేస్తుంది. ఏ రెడీమేడు స్కర్టూ దీన్ని పట్టించుకోదు. నడుము నుంచి నేలకి ముందొకసారి, వెనకొకసారి కొలవండి. వెనక అంగుళం ఎక్కువ వచ్చిందనుకోండి. పట్టీ అయిన వెంటనే వెనక సగంలో మాత్రమే అటూ ఇటూ నాలుగు దఫాలు, ఒక్కో దఫా కొంచెం కురచగా తిరిగి రండి. 8 వరుసలు అదనంగా చేరతాయి. తిరిగే చోట పక్క కుట్టుకి దారం ఒక చుట్టు చుడితే కన్నం పడదు.

ఉన్ని ఎంత కొనాలి? మచ్చుముక్కని బంగారం కొట్టువాడి కాటామీద తూయించండి. వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. 36 చదరపు అంగుళాల నా ముక్క 9 గ్రాములు తూగింది. స్కర్టంతా పట్టీతో కలిపి ఇంచుమించు 1,060 చదరపు అంగుళాలు, అంటే 30 ముక్కల పెట్టు, 270 గ్రాములు. ఒకే రంగు తొట్టిలో అద్దినవి 350 గ్రాములు ఒకేసారి కొనండి. తర్వాత వెళితే అదే ఎరుపు దొరకదు.

మొత్తం 40,000 కుట్లు పైచిలుకు. భయపడకండి. నిమిషానికి పాతిక కుట్లు పడే చేతికి ముప్ఫై గంటలు లోపే. అమ్మాయి మైత్రీవనం పక్క కోచింగు క్లాసులో ఉన్న గంట మీరు ఇంట్లో సూది పట్టుకుంటే నెలకి అయిపోతుంది, జనవరికి ముందే. అమ్మాయికి కూడా నేర్పండి, గుర్తు దగ్గర పెంచే కుట్టు తన చేత వేయించండి. పిల్ల అన్నం తిని కూర్చుంటేనే చెయ్యి నిలకడగా ఆడుతుందని నా పేరు చెప్పి మరీ చెప్పండి.

ఎలాస్టికు అంగుళం వెడల్పుది, 28 అంగుళాలు. కొసలు ముందే గట్టిగా కుట్టేయకుండా పిన్నుతో కలిపి, ఒకరోజు వేసుకు తిరిగాక కుట్టండి. ఉతికాక తీగమీద వేలాడదీయకూడదు, తడి ఉన్ని సాగి చీరంత అవుతుంది. తువ్వాలులో చుట్టి నీరు పిండి, మంచంమీద పరిచి ఆరబెట్టాలని ఒక చీటీ రాసి పెట్టెలో వేయండి. మిగిలిన ఉన్ని పారెయ్యకండి. అదీ, ఆ గుండ్రటి సూదీ కలిపి పొట్లం కట్టి స్కర్టు మడతలో పెట్టండి. రెండేళ్ళకి పొడవు చాలకపోయినా, అంచు ఎక్కడైనా తెగినా, అదే రంగు దారం అక్కడ చేతిలో ఉంటుంది.