మాంత్రికుడికి తోట రాముడు ఎందుకు కావాలి?

బందరులో మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట శనివారం మధ్యాహ్నం మొదలై, అవనిగడ్డ చివరి బస్సు టైముకి ఆగుతుంది. ఆ బస్సెక్కేవాడే మా టీమ్‌లో కత్తివీరుడు. నెల కిందట ఆట మధ్యలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ, "వచ్చే వారం నేను రాకపోయినా ఆట నడుస్తుందిగా రా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే గుచ్చుకుంది.

తప్పు నాదే. ఆట నడిపేది నేను, రూలు మార్చిందీ నేనే.

ఈ ఆటలో మంత్రాలకి స్లాట్లుంటాయి. ఐదో లెవెల్ మాంత్రికుడికి రోజుకి చిన్న మంత్రాలకి 4, మధ్యరకానికి 3, పెద్దవాటికి 2. వాడేస్తే ఖాళీ, రాత్రి పడుకుని లేస్తే మళ్లీ నిండుతాయి. జాక్ వాన్స్ అనే రచయిత కథల్లోంచి గ్యారీ గైగాక్స్ తెచ్చిన పద్ధతి ఇది, 1974లో ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది. గుడివాడ నుంచి వచ్చే మా మాంత్రికుడికి నచ్చలేదు. "మంత్రం వచ్చినోడికి రెండుసార్లే అని కోటా ఏంటి బావా, రేషన్ బియ్యమా?" అన్నాడు. నిజమే అనిపించి, 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్న స్పెల్ పాయింట్ల పద్ధతికి మారాను.

అందులో ఐదో లెవెల్‌కి 27 పాయింట్లు. చిన్న మంత్రానికి 2, మధ్యరకానికి 3, పెద్దదానికి 5. పాత స్లాట్లని ఈ రేటుతో లెక్కేయండి: 8, 9, 10. కలిపితే 27. పైసాతో సహా సరిపోయింది కదా, ఇంక బ్యాలెన్స్‌కి ఢోకా లేదనుకున్నా. మావాడు చిన్న మంత్రాల జోలికే పోలేదు. 27ని 5తో భాగించాడంతే. రెండు ఫైర్‌బాల్స్ పడాల్సిన చోట ఐదు! ఒక్కోదానికి ఎనిమిది పాచికలు, సగటున 28 దెబ్బ, అదీ గుంపులో తప్పించుకోలేని ప్రతివాడికీ. కత్తివీరుడు గుమ్మం దాటేలోపు లోపలంతా బూడిద.

అందరూ చేసేదే ముందు నేనూ చేశా, ఫైర్‌బాల్ దెబ్బ తగ్గించా. మాంత్రికుడు అలిగాడు. కత్తివీరుడికి ఒరిగింది మాత్రం ఏమీ లేదు.

ఆ ఆదివారం ఇంట్లో 'పాతాళ భైరవి' పెట్టారు. 1951 సినిమా. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో చదువుకున్నవాడు, ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, సంగీతం ఇచ్చిన ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి. (ఊరి గొప్పే, ఒప్పుకుంటా.) నేపాళ మాంత్రికుడికి రాని విద్య లేదు. అయినా దేవి కరుణించాలంటే సాహసవంతుడైన యువకుణ్ని బలివ్వాలి. అందుకే అంతటివాడూ ఓ తోటమాలి కొడుకు కోసం ఉజ్జయిని దాకా రావాల్సొచ్చింది. అతని శక్తిని ఎవరూ తగ్గించలేదు. రాముడు లేకుండా పని జరగనివ్వలేదు, అంతే.

ఫైర్‌బాల్ దెబ్బ మళ్లీ పూర్తిగా ఇచ్చేశా. కానీ రాత్రి నిద్రకి ఇప్పుడు 10 పాయింట్లే వస్తాయి. మిగతా 17 కావాలంటే శత్రువులు తిరిగే చోటే దీపం పెట్టి, ఐదు రౌండ్లు కదలకుండా జపం చేయాలి. మధ్యలో ఒక్క దెబ్బ తగిలినా మొత్తం పోయినట్టే. మా కథ దివిసీమ లాంటి లంకల్లో నడుస్తోంది కాబట్టి, దీపం పెట్టే చోటు సముద్రం పోటుకి మునిగిపోయే ఇసుక దిబ్బ.

మొన్న శనివారం మాంత్రికుడు కళ్లు మూసుకున్నాడు. మోకాలి లోతు నీళ్లలో కత్తివీరుడొక్కడే ముగ్గురిని ఆపాడు. నాలుగో రౌండుకి ప్రాణం 4 పాయింట్లు మిగిలింది. "కాసుకోరా, నీ కాళ్లకి దణ్ణం పెడతా" అని గుడివాడవాడు టేబుల్ కొట్టి అరుస్తున్నాడు. పళ్లెంలో తొక్కుడు లడ్లు ఎవరూ ముట్టుకోలేదు. అవనిగడ్డ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

ఇప్పుడు మా దొంగ పాత్రవాడు పేచీ మొదలెట్టాడు. సినిమాలో ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాడి మాటే వింటుంది, రాణిగారి తమ్ముడు కొట్టేయగానే కథంతా తిరగబడింది కదా, మరి మన ఆటలో నేను కొట్టేయడానికి అలాంటిదేదీ అంటున్నాడు. వచ్చే శనివారంలోపు ఒకటి తయారుచేయాలి.