మీటరు ముల్లు పడిపోయినప్పుడు



పుంగనూరు నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరంతో ఈ నెల ముచ్చట మొదలుపెడదాం. "మా కారు పాతది. మీటరులో పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగి ఆరడం లేదు. స్పీడు ముల్లు సున్నా దగ్గరే పడి ఉంటోంది. స్కానర్ పెట్టి చూసి, స్పీడు సెన్సారు పోయింది, మార్చాలి అన్నారు. మార్చాం. వారం తిరక్కుండానే ఆ లైటు మళ్ళీ వచ్చింది. మమ్మల్ని మోసం చేశారంటారా? ఇక ఈ కారు అమ్మేయడమే మంచిదా?" అని ఆమె అడిగారు.

అమ్మా, మోసమని అప్పుడే అనుకోవద్దు. కారు అమ్ముకోవలసిన పని అంతకంటే లేదు. ఇదే తంటా నేనూ పడ్డాను గనుక నా అనుభవమే ముందు చెబుతాను.

మా కారు 2011 మోడలు, చిన్న పెట్రోలు బండి. 2023 నవంబరులో కుప్పంలో బంధువుల పెళ్ళికి మదనపల్లె నుండి అమ్మను తీసుకొని వెళ్ళాం. అప్పటికి పది రోజులుగా లైటు వెలుగుతూనే ఉంది, ముల్లు కదలడం లేదు. పెట్రోలు ఉంది, ఇంజన్ బాగానే లాగుతోంది, ముల్లు లేకపోతే ఏమిలే అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో వి.కోట దాటి పలమనేరు వైపు వస్తుండగా చీకటి పడింది. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే ప్రాంతమది. ఒక మలుపులో వేగం తగ్గిద్దామని ఆక్సిలరేటరు మీద కాలు తీసి క్లచ్ తొక్కానో లేదో, ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. వెనుక లారీ. రెండు చేతులతో బలంగా తిప్పి పక్కకు తెచ్చి నిలిపాను. "ఏమైందిరా నాయనా?" అని అమ్మ అడిగితే జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తాళం తిప్పితే బండి మళ్ళీ స్టార్టయింది గాని, ఇల్లు చేరేదాకా నా గుండె కుదుటపడలేదు.

ముల్లుకూ ఇంజనుకూ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. గేరుబాక్సు మీద ఉండే స్పీడు సెన్సారు చక్రాలతోపాటు తిరిగే భాగాన్ని గమనిస్తూ విద్యుత్తు దెబ్బలను పంపుతుంది. బండి ఎంత వేగంగా పోతే అన్ని ఎక్కువ దెబ్బలు. జపాను పద్ధతి మీటర్లలో ఇరుసు కిలోమీటరుకు 637 సార్లు తిరుగుతుంది. చుట్టుకు 4 దెబ్బలు పంపే సెన్సారైతే కిలోమీటరుకు 2,548 దెబ్బలన్నమాట. వీటిని లెక్కపెట్టే మీటరు ముల్లును కదిలిస్తుంది, కిలోమీటర్ల అంకెను పెంచుతుంది. ఇంజనును నడిపే కంప్యూటరు కూడా ఇవే దెబ్బలను చూస్తుంది. బండి పరుగులో ఉండగా మనం కాలు తీస్తే ఎంత గాలి ఇవ్వాలో, పెట్రోలు ఎప్పుడు ఆపి ఎప్పుడు మళ్ళీ ఇవ్వాలో తేల్చుకోవడానికి ఆ లెక్క దానికి కావాలి. లెక్క అందకపోతే కొన్ని కార్లలో ఇంజన్ నెమ్మదించే వేళ ఆగిపోతుంది. మా బండికి జరిగింది అదే.

ఇక ఆ లైటు సంగతి. అమెరికాలో 1996 మోడలు నుండి కార్లన్నిటికీ ఒకే రకం కోడ్లు తప్పనిసరి చేశారు. మన దేశంలో ఈ ఏర్పాటు 2010 ఏప్రిల్‌లో మొదలై, 2013 ఏప్రిల్ నుండి పూర్తి రూపానికి వచ్చింది. స్పీడు సెన్సారుకు సంబంధించిన కోడు పి 0500. దానితోపాటు 0501, 0502, 0503 కూడా ఉన్నాయి. లెక్క పొంతన లేకుండా ఉండడం, మరీ తక్కువగా రావడం, వస్తూ పోతూ ఉండడం అని వాటికి వరుసగా అర్థాలు. అంతకంటే పాత కార్లలో స్కానర్ లేకుండానే లైటు మినుకులను లెక్కపెట్టి చూసేవారు. హోండాలో 17, టయోటాలో 42, సుజుకీలో 24 చాలా మోడళ్ళలో స్పీడు సెన్సారు అంకెలు.

సహోదరి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. పి 0500 అంటే "సెన్సారు పోయింది" అని కాదు. "ఇంజన్ జోరు చూస్తే బండి నడుస్తోంది, నాకు మాత్రం వేగం సున్నా అని వస్తోంది" అని కంప్యూటరు మొరపెట్టుకోవడం, అంతే. ఆ దారిలో సెన్సారు ఒక మజిలీ మాత్రమే. ఫ్యూజు, వైర్లు, ప్లగ్గు, గేరుబాక్సులోని చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రం, మీటరు, వీటిలో ఏది తప్పినా వచ్చే కోడు అదే. ఒళ్ళు వేడిగా ఉందని తెలిసినంత మాత్రాన అది ఏ జ్వరమో తెలియదు గదా!

మరునాడు నేను కొత్త సెన్సారు కొనడానికి బయలుదేరాను. మా వీధి చివర మెకానిక్ భాయ్ ఆపాడు. "సెన్సారు ఎప్పుడైనా కొనొచ్చు సార్. ముందు దానికి కరెంటు వస్తాందో లేదో చూద్దాం, ఉండండి" అన్నాడు. ఆయన చూసిన వరుసనే మీకు చెబుతాను.

మొదట కోడును కాగితం మీద వ్రాసుకున్నాడు. చెరిపేస్తే, అది పడిన వేళ ఇంజన్ ఎలా ఉందో కంప్యూటరు దాచుకున్న వివరం కూడా పోతుంది. వేరే కోడ్లు ఉన్నాయా అని కూడా చూశాడు. రెండు మూడు సెన్సార్లు ఒకేసారి మొరపెడితే, వాటన్నిటికీ కరెంటు ఇచ్చే ఫ్యూజునో, ఎర్త్ వైరునో ముందు అనుమానించాలి.

తరువాత నేను బండి నడుపుతుంటే ఆయన పక్కన కూర్చొని స్కానర్‌లో వేగం చూశాడు. మీటరు ముల్లు కదులుతూ స్కానర్‌లో మాత్రం సున్నా చూపిస్తే, సెన్సారు మంచిదే, కంప్యూటరుకు పోయే వైరు దగ్గర తప్పు ఉందన్నమాట. స్కానర్‌లో వేగం కనిపించి ముల్లు కదలకపోతే మీటరు వైపు వెతకాలి. రెండూ సున్నా అయితే సెన్సారు, దాని కరెంటు, దాన్ని తిప్పే పళ్ళచక్రం చూడాలి. మా బండిలో రెండూ సున్నాయే.

ఫ్యూజు బాగానే ఉంది. మా సెన్సారుకు మూడు వైర్లు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి దెబ్బలు పంపేది. ప్లగ్గు ఊడదీసి, తాళం ఆన్ చేసి, మల్టీమీటరు పెట్టాడు. కరెంటు వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 12 వోల్టులు వచ్చాయి. కొన్ని కార్లలో ఇక్కడ 5 వోల్టులే ఉంటాయి. తరువాత ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల తీగను సెన్సారు ఎర్త్ వైరు మీద పెట్టాడు. అక్కడా 12 రావాలి. రాలేదు. "ఇదే సార్ దొంగ" అన్నాడు.

వైరు వెంట వెతుక్కుంటూ పోతే బ్యాటరీ కింద రెండు అంగుళాల మేర ఎలుక కొరికి ఉంది. ఆ వర్షాలకు తడిసి రాగి తీగ పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది. నేను కారు పెట్టే షెడ్డులోనే శెనక్కాయల మూటలు ఉంచేవాడిని. ఎలుకను పిలిచి విందు పెట్టింది నేనే గదా! కొత్త వైరు ముక్క వేసి, టంకం పెట్టి, స్లీవు తొడిగితే పని అయిపోయింది. సెన్సారు ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఎర్త్ కూడా బాగుంటే ఏమి చేసేవారని అడిగాను. ప్లగ్గు తిరిగి పెట్టి, ముందు చక్రాలతో నడిచే బండి అయితే ఒక ముందు చక్రం పైకెత్తి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ మూడో వైరు మీద వోల్టులు చూస్తారట. సున్నాకూ 5కూ మధ్యో, సున్నాకూ 12కూ మధ్యో అంకె పడుతూ లేస్తూ ఉంటే సెన్సారు పని చేస్తున్నట్టే. కదలకపోతే సెన్సారును ఊడదీసి దాని పళ్ళచక్రం అరిగిందా, కొనకు ఇనుప పొడి పట్టిందా చూడాలి. అవన్నీ చూశాకే కొత్తది కొనాలి. రెండు వైర్లే ఉండే సెన్సారుకు కరెంటు బయటి నుండి రాదు. దానికి నిరోధం కొలిచి బండి మాన్యువల్‌లోని అంకెతో సరిచూడాలి. ఏబీఎస్ బ్రేకులున్న చాలా కార్లలో వేగం లెక్క చక్రాల దగ్గరి సెన్సార్ల నుండి వస్తుంది కనుక వెతుకులాట అక్కడ మొదలవుతుంది.

ఒక హెచ్చరిక. చక్రం ఎత్తేటప్పుడు బండి చదును నేల మీద ఉండాలి. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, జాకీతోపాటు స్టాండు కూడా పెట్టాలి. ఒక్క జాకీనే నమ్మి బండి కిందికి దూరవద్దు.

పని అయ్యాక కోడు చెరిపి, తప్పక రోడ్డు మీద నడిపి చూడాలి. బండి నిలిచి ఉండగా ఈ కోడు పడదు. అందుకే షెడ్డులో లైటు ఆరినంతమాత్రాన జబ్బు నయమైనట్టు కాదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళుంటాయి. రద్దీ లేనప్పుడు నిలకడగా 60లో పోతూ, పక్కన కూర్చున్నవారిని గడియారం చూడమనండి. రాయికీ రాయికీ మధ్య 60 సెకన్లు పట్టాలి. 40లో పోతే 90 సెకన్లు. మీటరు అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపడం మామూలే గనుక రెండు మూడు సెకన్లు అటూ ఇటూ అయినా కంగారు వద్దు.

ముల్లు పడిపోయి ఉండగా రాత్రి ప్రయాణాలు, ఘాట్ రోడ్లు మానుకోండి. నడుస్తుండగా ఇంజన్ ఆగితే బ్రేకును పదే పదే తొక్కవద్దు. ఒకటి రెండు తొక్కులకే దాచి ఉన్న సాయం అయిపోతుంది. ఒక్కసారి గట్టిగా అదిమి పట్టి పక్కకు తీయండి. స్టీరింగు బిగుసుకుంటుందే గాని తిరగకుండా పోదు. తాళం మాత్రం పూర్తిగా వెనక్కు తిప్పి లాగవద్దు, స్టీరింగు లాకవుతుంది.

చివరగా ఒక మాట. సెన్సారు పని చేయనన్నాళ్ళూ కిలోమీటర్ల అంకె కూడా కదలదు. అంకెను చూసి ఇంజన్ ఆయిలు మార్చేవారు మోసపోతారు. మీటరు ఏ తేదీన ఆగిందో, ఏ తేదీన బాగైందో సర్వీసు పుస్తకంలో వ్రాసి పెట్టండి. రేపు కారు అమ్మేటప్పుడు ఆ పేజీ కొనేవారికి చూపించండి. కావాలనే ఈ ప్లగ్గు పీకి తిప్పి, తక్కువ తిరిగిన బండి అని అమ్మేవారూ ఉన్నారు. మీటరు ఆగిన రోజులు బండి ఆగిన రోజులు కావు. పాత కారు కొనేవారు అంకెను ఒక్కదాన్నే నమ్మక, పెడల్ రబ్బర్లు, స్టీరింగు, సీటు ఎంత అరిగాయో కూడా చూడాలి.

పుంగనూరు సహోదరీ, మీ మెకానిక్ దగ్గరకే మళ్ళీ వెళ్ళండి. కోపపడకుండా, "సెన్సారుకు కరెంటు, ఎర్త్ వస్తున్నాయా? కొంచెం మీటరు పెట్టి చూడన్నా" అని అడగండి. మంచి పనివాడైతే ఆ మాటకు సంతోషిస్తాడు. ఏమి దొరికిందో మాకు వ్రాయండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.