ఐటీ జాబ్స్: రెజ్యూమెలో ‘ఫైవ్ ప్లస్’.. పీఎఫ్ రికార్డులో జీరో! అసలు సీనియర్ అంటే ఎవరు?

ఐటీ జాబ్ వేటలో ఉన్న ఫ్రెషర్‌కు కాల్స్ రావడం కష్టం. సరిగ్గా అప్పుడే ‘త్రీ ప్లస్ పెట్టుకో బ్రో.. లెటర్ సంగతి మేం చూసుకుంటాం’ అనేవాళ్లు తగులుతారు. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. డబ్బు కడితే పే స్లిప్పులూ వచ్చేస్తాయి. మరి ఆ తర్వాత?

2022 నవంబర్‌లో ఏం జరిగిందో గుర్తుందిగా. లేని కంపెనీల పేరుతో ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పెట్టి చేరినవాళ్లను ఇండియాలో తొలగించినట్టు యాక్సెంచర్ స్వయంగా ప్రకటించింది. అంటే ఇంటర్వ్యూ గట్టెక్కి, సీట్లో కూర్చున్నాక పోయిన ఉద్యోగాలవి.

వెరిఫికేషన్‌లో ముందు చూసేవాటిలో పీఎఫ్ రికార్డు ఒకటి. 2014లో వచ్చిన యూఏఎన్ నంబర్ కింద ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మరి పీఎఫ్ లేని చిన్న స్టార్టప్‌లో నిజంగా పనిచేసినవాళ్ల పరిస్థితేంటి? 20 మంది కంటే తక్కువున్న సంస్థకు సాధారణంగా పీఎఫ్ తప్పనిసరి కాదు. జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆఫర్ లెటర్ దగ్గర పెట్టుకుని హెచ్‌ఆర్‌కు ముందే చెప్పేయండి. వాళ్లు అడిగాక చెబితే అనుమానం మొదలవుతుంది.

ఇక సీనియారిటీ సంగతి. ఏళ్లు లెక్కపెడితే సరిపోదు. ఐదేళ్లుగా ఒకే స్క్రీన్‌లో బగ్స్ సరిచేస్తున్నవాళ్లున్నారు. రెండేళ్లకే పేమెంట్ మాడ్యూల్ మొత్తం భుజాన వేసుకున్నవాళ్లూ ఉన్నారు. చెప్పిన పని చేసేవాళ్లు జూనియర్. పని సగమే చెప్పినా దారి వెతుక్కునేవాళ్లు ఆ పైమెట్టు. అసలు ఈ ఫీచర్ కట్టాలా వద్దా అని తేల్చి, తేడా వస్తే బాధ్యత తీసుకునేవాళ్లు సీనియర్.

అందుకే ఇంటర్వ్యూలో ‘అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మీరేం చేశారు? ముందు ఏ లాగ్ చూశారు?’ అని అడుగుతారు. చేసినవాళ్లు ఆ రాత్రి గందరగోళం చెబుతారు. బట్టీ పట్టినవాళ్లు డెఫినిషన్ చెబుతారు.

రెజ్యూమెలో ‘మైక్రోసర్వీసెస్ ఎక్స్‌పర్ట్’ అని రాస్తే ఆ మొత్తం మీద ప్రశ్నలు పడతాయి. ‘రిఫండ్ ఏపీఐ నేను రాశాను, డిప్లాయ్‌మెంట్ వేరే టీమ్ చూసింది’ అనేది చిన్నగానే కనిపిస్తుంది, కానీ ఎంత లోతుగా అడిగినా జవాబుంటుంది. ఫ్రెషర్లయితే సొంతంగా చేసిన ప్రాజెక్ట్ లింక్ పెట్టండి. అందులో ఎక్కడ ఇరుక్కున్నారో కూడా చెప్పండి.

తప్పంతా కుర్రాళ్లదే అనలేం. ‘ఎంట్రీ లెవెల్’ అని పెట్టి కిందే మూడేళ్ల అనుభవం అడిగే ప్రకటనలకు ఏం చెబుతాం? అలాంటివాటికి కూడా ఉన్న ఏడు నెలల ఇంటర్న్‌షిప్‌ను ఏడు నెలలనే రాసి పంపండి.