ఉద్యోగం మానాలా? ప్యాంటు మార్చాలా?

షిఫ్టు దిగి పటాన్‌చెరులో బస్సెక్కేసరికి నడుం చుట్టూ ఒకటే దురద. సెలవుపెట్టి ఊరెళితే వారంలో మాయం. మళ్లీ పనిలోకి దిగితే మామూలే! ఇంకేముంది, ఫ్యాక్టరీ కెమికల్సే పడట్లేదని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. పాశమైలారం, బొల్లారం లాంటి చోట్ల ఆ అనుమానం సహజమే. అది నిజం కూడా కావచ్చు. కానీ ఒక్క విషయం... సెలవుల్లో యూనిఫాం కూడా కొక్కేనికే ఉంటుంది కదా!

బట్టలతో దద్దుర్లు రావడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మన దేశానికొచ్చిన విదేశీ సైనికులకు చిత్రమైన దద్దుర్లు వచ్చాయి. ఆరా తీస్తే, ధోబీలు బట్టలమీద గుర్తుపెట్టే నల్లజీడి గింజల రసమే కారణమని తేలింది. గుర్తు ఎక్కడ తగిలితే దద్దురు అక్కడే! అమెరికా సైనిక వైద్యులు 1943లో ఈ సంగతి ప్రచురించారు.

ఇప్పటికీ అదే ఆనవాలు. బొడ్డుకింద బిళ్లంత మచ్చ ఉంటే జీన్స్ గుండీలోని నికెల్‌ని అనుమానించాలి. నడుంచుట్టూ పట్టీలా వస్తే ఎలాస్టిక్‌లోని రబ్బరు రసాయనాలను. చంకలో గుంటని వదిలేసి అంచుల్లో, తొడల లోపలివైపు వస్తే రంగుల్ని... ముఖ్యంగా పాలిస్టర్, నైలాన్ బట్టలకు అద్దే డిస్పర్స్ బ్లూ 106, 124 లాంటివాటిని. ముడతలు పడకుండా చొక్కాలకు పట్టించే ఫార్మాల్డిహైడ్ రెజిన్లూ కొందరికి పడవు. చెమట, రాపిడి తోడైతే బాధ రెట్టింపు. దద్దురు వెంటనే కాక ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది కాబట్టి దోషి ఓ పట్టాన దొరకదు.

తేల్చేది ప్యాచ్ టెస్ట్. అనుమానమున్న పదార్థాలను వీపుమీద అతికించి 48 గంటలకు తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ యూనిఫాంనీ వెంట తీసుకెళ్లాలి. ఫ్యాక్టరీ పొడుల్ని మాత్రం సొంతంగా ఒంటికి రాసి పరీక్షించుకోకూడదు.

అప్పటిదాకా లోపల వదులైన నూలు బనియన్ వేసుకోవాలి. కొత్త బట్టల్ని ఉతికాకే తొడగాలి. పనిబట్టలు అక్కడే మార్చుకుని, పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి. షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ట్యూబుల జోలికి వెళ్లొద్దు. అది తామరైతే మరింత ముదురుతుంది.

రాజీనామా కాగితం రాసేముందు ప్యాంటు గుండీ ఓసారి చూసుకుంటే నష్టమేముంది?