అడ్వాన్సు తీసుకుని మొహం చాటేశారా? ఊరుకోకండి!



బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల రాజధాని మాట ఊపందుకున్నప్పుడల్లా ఇళ్ల ధరలకు రెక్కలొస్తాయి. 2014లో కళ్లారా చూశాం. ధర పెరగగానే, అగ్రిమెంటు రాసి అడ్వాన్సు లెక్కపెట్టుకున్న ఇంటాయన ఫోన్ ఎత్తడు. ఎత్తినా "మా అబ్బాయి సంతకం పెట్టనంటున్నాడు", "ఇప్పుడు మూఢం, శ్రావణంలో చూద్దాం" అంటాడు. ఆ అడ్వాన్సులో కూతురి పెళ్లికి దాచిన డబ్బుంది, తాకట్టుపెట్టిన గాజుల డబ్బుంది. మనమేమో పెద్దమనుషుల చుట్టూ తిరుగుతూ ఎదురుచూస్తాం. రేపు కోర్టులో మనల్ని ఓడించేది ఆ ఎదురుచూపే.

1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూడండి. రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మధురైలో ఒక ఇంటికి 1978 డిసెంబరులో అగ్రిమెంటు అయింది. ధర 60,000 రూపాయలు, అడ్వాన్సు 5,000, గడువు ఆరు నెలలు. కొనేవాళ్లు రెండున్నరేళ్లు కిమ్మనలేదు. ఈలోగా ధరలు బాగా పెరిగాయి. మూడేళ్లు నిండకముందే దావా వేసినా ఇల్లు దక్కలేదు!

అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మనన్నారని మనకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మూడేళ్లుంది కదా అని కూర్చోవద్దు. ఈలోగా మన అగ్రిమెంటు సంగతి తెలియని మూడో మనిషి పూర్తి సొమ్మిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఆ ఇల్లు మనకు రావడం కష్టం. అదే, మనం దావా వేశాక కొన్నవాళ్లయితే మన కేసులో వచ్చే తీర్పుకు కట్టుబడాల్సిందే. అగ్రిమెంటు చేతిలో ఉంటే ఇల్లు మనదైనట్టేనని ఏజెంట్లు చెబితే నమ్మకండి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఇంటిమీద హక్కు రాదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కాగితంతోనూ రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత, ఆ చట్టంలోని మినహాయింపులు పోగా, రిజిస్ట్రేషన్ చేసివ్వమని తీర్పు ఇవ్వడం కోర్టు ఇష్టానికి వదిలిన సంగతి కాదు. కానీ డబ్బు సిద్ధంగా ఉందని, కొనే ఉద్దేశం మొదటి నుంచీ ఉందని రుజువు చేయాల్సింది మనమే. నోటిమాట నిలవదు. గడువు ఉండగానే లాయరు చేత స్పీడ్ పోస్టులో నోటీసు ఇప్పించండి. "మిగతా సొమ్ము సిద్ధంగా ఉంది, ఫలానా రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు రండి" అని అందులో రాయించండి. ఆయన రాకపోయినా ఆ రోజు మీరు వెళ్లండి. బ్యాంకు పుస్తకం, లోను మంజూరు కాగితం దాచుకోండి. దావాలో, ఇల్లు రాని పక్షంలో అడ్వాన్సు వాపసు ఇప్పించమని కూడా అడగండి. అడగనిదే కోర్టు దాన్ని ఇప్పించదు.

సమన్లు అందాక 12 నెలల్లో, తప్పనిసరైతే మరో ఆరు నెలల్లో ఈ దావాలు తేల్చాలని అదే సవరణలో రాసి ఉంది. అయినా వాయిదాల మీద వాయిదాలు! ఆ గడువును ప్రతి వాయిదాలోనూ లాయరు చేత గుర్తుచేయించండి. అది మన హక్కు.

ఖర్చుకు భయపడకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద లాయరును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. దావాకు కట్టిన కోర్టు ఫీజూ వెనక్కి వస్తుంది.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మునిసిపల్ స్కూలు ఆవరణకు రండి. అగ్రిమెంటు, రసీదుల జిరాక్సులు తెచ్చుకోండి. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకండి, మాకు కూడా. సోమవారం పొద్దున్నే అందరం కలిసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్దాం. గడువు దగ్గరపడ్డవాళ్లు ఆదివారం దాకా ఆగొద్దు, రేపే నోటీసు పంపండి.

ఇట్లు,
అడ్వాన్సు ఇచ్చి ఇంకా అద్దె ఇళ్లలోనే ఉంటున్న మీ పేటవాళ్లం