కుంటుతూ నడిచే ఊరు



బాల్టిక్ సముద్రతీరాన, ఎస్టోనియా దేశంలో, టాలిన్ అనే రాజధానీ నగరమున్నది. మీరు పెద్దవారై ఎప్పుడైనా అక్కడికి వెళితే, పాతపట్నాన్ని ఒంటరిగా, కాలినడకన, ఒక్క రోజులో చూసి రావచ్చును.

ఉదయం టౌన్‌హాలు ముంగిట బయలుదేరండి. అక్కడి మందుల అంగడి ప్రస్తావన 1422 నాటి కాగితాలలోనే ఉన్నది! అక్కడికి సమీపాన రెండు వీధులు కొండెక్కుతాయి. ఒకటి ‘పొడుగు కాలు’, రెండవది ‘పొట్టి కాలు’. కాళ్ళు సమంగా లేవు గనుక తమ ఊరు కుంటుతుందని అక్కడివారే పరిహాసమాడుతారు. పొట్టి కాలు బాగా నిటారు. నావంటి వృద్ధుడికి పొడుగు కాలే మేలు.

కొండ అంచున ఒక బురుజు పేరు ‘వంటింట్లోకి తొంగిచూడు’. కావలి సిపాయిలకు దిగువ ఇళ్ళ వంటగదులు కనిపించేవట!

సాయంత్రం హెర్మన్ బురుజు దగ్గర కాసేపు నిలబడండి. 1989 ఆగస్టు 23న ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా ప్రజలు సోవియట్ పాలన నుంచి స్వాతంత్ర్యం కోరి, చేతులు పట్టుకొని, 600 కిలోమీటర్లకు పైగా బారు తీరారు. దాని ఒక కొస ఇక్కడే; రెండవది విల్నియస్ నగరంలో. సోవియట్ ప్రభుత్వం 1991లో మూడు దేశాల స్వాతంత్ర్యాన్నీ అంగీకరించింది.

మనిషికి మీటరు చొప్పున, ఆ బారుకు ఎంతమంది కావాలో లెక్క కట్టండి. వచ్చినవారు సుమారు 20 లక్షలమంది!